చర్మమును ఎవరి చేతికి ఒప్పగింతుము?



దేహముపై పెరిగెడి అవాంఛిత రోమములను మైనముతో తొలగించుకొనుట, అనగా నేడు చిన్న పట్టణములలో సైతము వ్యాక్సింగ్ అను పేర పరిచితమైన ప్రక్రియ, నలుగురిలో నోరు విప్పి చెప్పికొనుటకు మనవారు సంకోచించు విషయము. ఆ సంకోచమువలననే దానిని చేయువారి అర్హతను గూర్చి అడుగవలసిన ప్రశ్నలు అడుగబడక, కమిలిన చర్మమును చీరకొంగు చాటున దాచుకొని మౌనముగా ఇల్లు చేరువారు మన నడుమ నున్నారు. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. స్నానమును క్షౌరమును దేహసంస్కారములైనట్లే ఇదియు నొక సంస్కారము; చేయించుకొనవలయునా వలదా యనునది ఎవరి ఇచ్ఛ వారిది. రోమము లున్నంతమాత్రమున దేహము మలినము కాదనియు, అవి ఆరోగ్యమునకు హానికరములు కావనియు ముందుగా మనవి చేసి, చేయించుకొన నిశ్చయించిన వారిని ఉద్దేశించి, ఆ పనికి తగిన చేతిని గుర్తించు విధమును గూర్చి మాత్రమే నేడు మాటలాడుదును.

ఈ పని నిన్న మొన్న పుట్టినది కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున వ్రణములకు విధింపబడిన అఱువది ఉపక్రమములలో, రోమములను మొలిపించు రోమసంజననముతో పాటు వానిని తొలగించు లోమాపహరణమును చేరియున్నది. రోమములతో కప్పబడిన వ్రణము చక్కగా మానదు గనుక, క్షురముతోనో కత్తెరతోనో పట్టుకారుతోనో వానిని తీసివేయవలయునని సుశ్రుతుడు చెప్పెను. శంఖచూర్ణము రెండు పాళ్లు, హరితాళ మొక పాలు కలిపి పులిసిన ద్రవముతో నూరి పూయు యోగమును కూడ చెప్పెను. హరితాళ మనగా ఆర్సెనిక్కును గంధకమును కలిసిన పసుపుపచ్చని ఖనిజము, విషపదార్థము. నేడు దానిని ఎవరును చర్మముపై ప్రయోగింపరాదు. నేను ఆ గ్రంథమును ఇచట తలచుట ఆ మందు కొఱకు కాదు. అదే సంహిత సూత్రస్థానమున, శాస్త్రమునంతను చదివినను చేతితో అభ్యాసము చేయని శిష్యుడు కర్మకు యోగ్యుడు కాడని చెప్పి, ఛేదనమును గుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలపైనను, లేఖనమును వెండ్రుకలు గల తోలును బిగించి దానిపైనను నేర్పవలయునని శాసించినది. చేయి తన తప్పులనన్నింటిని ముందు జడవస్తువుపై చేసి ముగించుకొని, అటుపిమ్మటనే సజీవదేహమును తాకవలయునను ఆ నియమము నేటి మైనపు పుల్ల పట్టిన చేతికిని అక్షరాల వర్తించును.

మన ఇండ్లలో పసిబిడ్డలకు నువ్వులనూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టుటయు, ఆడపిల్లలు పసుపు రాచుకొనుటయు తరతరములనుండి వచ్చుచున్న ఆచారములు. రోమములను అణచుటలో ఆ పద్ధతులు మందగమనమైనవి. వాని మేలైనను కీడైనను మందముగనే యుండును. పంచదారను నిమ్మరసముతోను నీటితోను కాచి తీసిన పాకమును చర్మమునకు పులిమి లాగివేయు పద్ధతి ఈజిప్టు, పశ్చిమాసియా దేశముల గృహములలో చిరకాలమునుండి ఉన్నది. మన బ్యూటీ పార్లర్లలోను ఇట్టి పాకము వాడుకకు వచ్చినది. నేడు డబ్బాలలో దొరకు మైనములలో కొన్ని చక్కెర, తేనెలతో చేయబడినవి. మఱికొన్ని పైన్ చెట్ల జిగురునుండి తీసిన రోజిన్ అను పదార్థముతో కూడినవి. రోజిన్ కొందఱి చర్మమునకు సరిపడక దద్దురులు పుట్టించును గనుక, డబ్బాపై పేరు ఎంత తియ్యగా నున్నను అందులో కలిసిన పదార్థముల పట్టికను చదువుట అవసరము. మనదేశమున 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టము క్రిందను, 2020 నాటి సౌందర్యసాధనముల నియమములను బట్టియు తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఏ తేదీలోపల వాడవలయునో ఆ తేదీ చీటీపై నుండవలయును. చీటీ లేని డబ్బాలోనిది ఏమో చెప్పగలవారు లేరు.

మైనము చేయు పని యేమో తెలిసిననే దానిని చేయు చేతి విలువ తెలియును. క్షురము రోమమును చర్మమట్టమున కోయును. మైనము దానిని కుదుటితో సహా ఊడబెఱుకును. అందుచేతనే మరల మొలచుటకు మూడునుండి ఆఱు వారముల వఱకు పట్టును. అయితే ఒక్కసారి లాగునపుడు రోమములతో పాటు చర్మముపైపొరలోని జీర్ణకణములును కొన్ని ఊడివచ్చును. రోమము వెడలిన ప్రతి కూపమును కొంతసేపు తెఱచుకొని యుండును. ఆ సమయమున చేతి మాలిన్యమైనను, పుల్ల మాలిన్యమైనను, పాత మైనములోని సూక్ష్మజీవి యైనను ఆ ద్వారమున లోనికి పోగలదు. మఱునాటికి ఎఱ్ఱని చిన్న పొక్కులు లేచి, వానిలో చీము పట్టుట దీని సామాన్యఫలము. విజయవాడ, రామగుండము వంటి చోట్ల ఎండకాలమున చెమటతో తడిసిన బాహుమూలములలో ఇది మఱింత సులభముగా కలుగును. మన చామనచాయ దేహములకు మఱియొక చిక్కు కలదు: కాలినను ఒరసికొన్నను తెల్లనివారి చర్మము ఎఱ్ఱబారి కొలది దినములకు మామూలగును గాని, మన చర్మము నల్లమచ్చను మిగుల్చును, ఆ మచ్చ నెలల తరబడి పోదు. కావున పరదేశపు పుస్తకములు తేలికగా కొట్టివేయు చిన్న పొరపాటును మనము తేలికగా తీసికొనరాదు.

అరుదైనను ఘోరమైన సంఘటనలును వైద్యచరిత్రలో నమోదై యున్నవి. చక్కెరవ్యాధి అదుపులో లేని ఒక ఆస్ట్రేలియా యువతి, గుహ్యప్రదేశమున మైనపు చికిత్స చేయించుకొన్న తరువాత ప్రాణాపాయకరమైన అంటుదోషమునకు గుఱియైన వృత్తాంతము 2007లో ఒక వైద్యపత్రికలో ప్రకటితమైనది. 2009లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఇద్దఱు స్త్రీలు ఇట్టి చికిత్స పిదప ఆసుపత్రి పాలగుటచే, అచటి సౌందర్యవృత్తుల మండలి గుహ్యప్రదేశమున మైనము వాడుటను నిషేధింప దలపెట్టి, నిరసనలు చెలరేగగా ఆ యోచనను విరమించుకొనెను. భయపెట్టుటకు వీనిని చెప్పుట లేదు. లక్షలాది జనులు ఏ హానియు లేక ఈ పని చేయించుకొనుచున్నారు. చక్కెరవ్యాధి గలదా యని ముందుగా అడుగు అలవాటు ఎంత విలువ గలదో ఆ మొదటి వృత్తాంతము చెప్పుచున్నది గనుక దానిని తలచితిని.

అమెరికాలో ఈ వృత్తికి రాష్ట్రము అనుమతి నీయవలయును. టెక్సాస్ రాష్ట్రమున చర్మసంరక్షణ వృత్తి చేపట్టదలచినవారు 750 గంటల శిక్షణయు, కాలిఫోర్నియాలో 600 గంటల శిక్షణయు పొంది పరీక్షలో ఉత్తీర్ణులు కావలయును. డల్లాస్, హ్యూస్టన్ నగరములలో స్థిరపడిన మన తెలుగువారు పార్లరునకు పోయినచో పనిచేయు వ్యక్తి అనుమతిపత్రమును కన్నులార చూడగలరు. మనదేశమున బ్యూటీషియన్లకు ఇట్టి నిర్బంధమైన అనుమతి లేదు. పురపాలకసంఘము వారిచ్చు వ్యాపారపు లైసెన్సు దుకాణమునకే గాని చేతికి కాదు. అది గోడపై పటము కట్టి వ్రేలాడదీయబడినంత మాత్రమున లోపల మైనము పూయు వ్యక్తికి పని వచ్చునని ఋజువు కాదు. రాజ్యము చేయని పరీక్షను ఇచట చేయించుకొనువారే చేయవలసి వచ్చుచున్నది. ఇది న్యాయము కాదు. స్పర్శతో కూడిన ఇట్టి వృత్తికి కనీసపు శిక్షణనైనను ప్రభుత్వము నిర్బంధము చేయవలయునని నా దృఢాభిప్రాయము. అంతవఱకు మనకున్న ఆధారములను ఉపయోగించుకొనక తప్పదు.

అట్టి ఆధారములు బొత్తిగా లేకపోలేదు. ఐ.టి.ఐ.లలో కాస్మెటాలజీ అను వృత్తివిద్య ఒక సంవత్సరము నేర్పుదురు. జన శిక్షణ్ సంస్థాన్ కేంద్రములలో బడి మానిన ఆడపిల్లలకును గృహిణులకును ఈ పని నేర్పుదురు. సౌందర్య, స్వాస్థ్య రంగమునకు ప్రత్యేకముగా ఏర్పడిన నైపుణ్యమండలి పని యొక్క మెట్టు మెట్టునకును ప్రమాణములను వ్రాసి, పరీక్షించి యోగ్యతాపత్రము నిచ్చును. 1946లో బ్రస్సెల్స్ నగరమున ఏర్పడిన సిడెస్కో అను అంతర్జాతీయసంస్థ ఇచ్చు డిప్లొమా గలవారును మన మహానగరములలో కనబడుదురు. ఇవి లేనివారందఱును పని రానివారని నేననను. పెద్ద బ్యూటీషియను వద్ద ఏండ్లతరబడి శుశ్రూష చేసి నేర్చిన చేతులు కొన్ని ఏ పత్రమును లేకయే నిర్దుష్టముగా పనిచేయును. కాని పత్రము చూపబడినపుడు గమనింపవలసినది ఒకటి కలదు. దానిపై నున్న పేరు యజమానురాలిదా, లేక మన చేయి పట్టుకొనబోవు అమ్మాయిదా? యజమానురాలు ఎంత చదివినను, ఆమె ఆ సమయమున ముందుగదిలో డబ్బు లెక్కపెట్టుచుండగా లోపల నిన్న చేరిన పిల్ల మైనము పూయుచున్నచో ఆ చదువు మనకు ఉపకరింపదు. “నాకు చేసేది ఎవరు, వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు?” అని ఫోనులోనే అడుగవచ్చును. ఈ ప్రశ్నకు నొచ్చుకొనెడి చోటికి పోకుండుట మంచిది.

పత్రముకంటె నమ్మదగిన సాక్ష్యము ఆమె నోట వెలువడు ప్రశ్నలే. నేర్చిన బ్యూటీషియను మైనపు డబ్బా మూత తీయకమునుపే మాటలాడును. “అక్కా, మొటిమలకి ఏమైనా మాత్రలు వాడుతున్నారా? షుగర్ ఉందా? రక్తం పలచబడే మందు వేసుకుంటున్నారా?” అని ఆమె అడిగినచో కుతూహలముచే అడుగుచున్నదని తలంపవలదు. మొటిమలకు వైద్యులిచ్చు ఐసోట్రెటినాయిన్ మాత్రలు చర్మమును పలుచనచేసి పెళుసుబార్చును. అవి వాడుచున్నవారికిని, మానివేసి ఆఱు నెలలు గడవనివారికిని మైనము పనికిరాదని ఔషధపు సూచనపత్రములే చెప్పును. ట్రెటినాయిన్, అడాపలీన్ వంటి లేపనములు రాసికొనెడి చోటను చర్మము పొరగా లేచివచ్చు ప్రమాదము కలదు. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారికి చర్మము క్రింద కమిలి నెత్తురు చిమ్మును; చక్కెరవ్యాధి గలవారికి చిన్న గాయమును ఆలస్యముగా మానును; కాళ్లలో నరములు ఉబ్బి మెలికలు తిరిగినవారికి ఆ నరములపై లాగరాదు. ఈ ప్రశ్నలలో నొక్కటియు అడుగక “రండి మేడం, పడుకోండి” అని మాత్రమే చెప్పు చోట, ఎంత చల్లని ఏసీ గది యైనను, ఎంత మెత్తని మంచమైనను, లేచి వచ్చుటయే క్షేమము.

అటుపిమ్మట కన్నులతో చూడవలసినవి కలవు. మైనము వెచ్చజేయు పాత్రలోని వేడి సూక్ష్మజీవులను చంపునని చాలమంది నమ్మిక. అది నిజము కాదు, చర్మము సహించునంతటి వేడి సూక్ష్మజీవులలో చాలవానిని నశింపజేయజాలదు. హెపటైటిస్ బి అను కాలేయరోగమును కలిగించు వైరసు దేహము వెలుపల ఏడు దినములైనను సజీవముగా నుండగలదు. అందుచేత ఒకరి చర్మముపై రాచిన పుల్లను తిరిగి డబ్బాలో ముంచుట ఈ వృత్తిలోని మహాపరాధము. పుల్ల ఒక్కసారి ముంచి, ఒక్కసారి పూసి, చెత్తబుట్టలో వేయవలయును. ఒక చేతికే పది పుల్లలు పట్టినను సరే. కొన్ని చోట్ల గుండ్రని చక్రము గల గొట్టముతో మైనమును నేరుగా చర్మముపై దొర్లింతురు. చూచుటకు శుభ్రముగా తోచును గాని, ఆ చక్రము నిన్న మఱియొకరి దేహముపై దొర్లినదే యైనచో ఇదియు ముంచిన పుల్లవంటిదే. “ఏమ్మా, ఈ గొట్టం నాకోసం కొత్తది తీశావా?” అని అడుగుటకు వెనుదీయవలదు. చేతులు సబ్బుతో కడిగికొన్నదా, కొత్త చేతితొడుగులు తొడిగికొన్నదా, మంచముపై కాగితము మార్చినదా, గుడ్డపట్టీలు ఉతికి మరల వాడునవా యను విషయములు ఒక్క చూపులో తెలియును. ఇంటికి వచ్చి పనిచేయువారిని పిలిచినచో, మూసియున్న చిన్న డబ్బాను మన యెదుటనే తెఱవుమని కోరుట న్యాయము. నిన్నటి ఇంట సగము వాడి మిగిల్చిన డబ్బా మన ఇంటికి రాకూడదు.

పని మొదలైన పిదపను చేతిని కనిపెట్టవచ్చును. నేర్చినది మైనపు వేడిని ముందు తన మణికట్టుపై చూచి, తరువాత మన చర్మముపై చిన్నచోట పూసి, “వేడిగా ఉందా?” అని అడుగును. క్రొత్త మైనమైనచో ఒక దినము ముందే కొంచెము పూసి, దద్దురులు లేచునేమో చూడుమనును. రోమము బియ్యపుగింజ పొడవునకు రాకున్నచో మైనము దానిని పట్టజాలదని చెప్పి, ఒక వారము ఆగి రమ్మనును. పూయునపుడు రోమము వాలిన దిక్కునకు పూసి, లాగునపుడు ఎదురుదిక్కునకు, ఒక చేత చర్మమును బిగబట్టి, పట్టీని పైకెత్తక చర్మమునకు అంటియుండునట్లు ఒక్క ఊపున లాగును. బాహుమూలములో రోమములు ఒకే దిక్కున వాలియుండవు గనుక, అచట నాలుగైదు చిన్న భాగములుగా చేయును. తొందరపడి ఒక్క పెద్ద పట్టీ వేయుట పని రానివారి లక్షణము. పైకి ఎత్తి లాగినచో రోమము కుదురు దగ్గఱ తెగి, మరల మొలచునపుడు చర్మములోనికే వంకరగా పెరిగి కురుపు కట్టును. ఒకేచోట మాటిమాటికి మైనము పూయుట కూడదు. మిగిలిన రెండు మూడు రోమములను చిన్న పట్టుకారుతో తీయును.

ఆమె యోగ్యతకు పరాకాష్ఠ మాత్రము ఆమె చేయ నిరాకరించు పనిలో కనబడును. ఎండకు కమిలిన చర్మముపైన, పుండ్లపైన, పులిపిరులపైన, పుట్టుమచ్చపైన, ముక్కుపుటముల లోపల మైనము పెట్టనని చెప్పగలిగినది తన సంపాదనకంటె మన దేహమును ముఖ్యముగా ఎంచినది. ఈ నిరాకరణ విలువ పెండ్లిండ్ల కాలమున అందఱికంటె ఎక్కువగా తెలియును. మాఘఫాల్గుణములలోను వైశాఖజ్యేష్ఠములలోను ముహూర్తములు కూడివచ్చినపుడు పెండ్లికూతుళ్లు పార్లరు వాకిట బారులు తీరుదురు. పెండ్లికి ముందునాడే అన్నియు కావలయునని తొందర. మొదటిసారి దేహమంతయు మైనము పెట్టించుకొన్న పిల్లను మఱునాడు పీటపై కూర్చుండబెట్టి పసుపు రాచి, సున్నిపిండితో నలుగు పెట్టుదురు. ముందునాడు పైపొర ఊడిన చర్మమునకు ఆ పిండి ఒరపిడి ఎంత బాధాకరమో చెప్పనక్కఱలేదు; ముత్తైదువుల నడుమ ఆ పిల్ల నవ్వుచునే ఓర్చుకొనును. కావున తెలిసిన బ్యూటీషియను నలుగునకు కనీసము మూడు నాలుగు దినముల ముందే ఈ పని ముగింపుమనియు, మొట్టమొదటిసారి యైనచో ఒక నెల ముందే చిన్నభాగమున చేయించి చర్మపు తీరు చూచుకొనుమనియు తల్లితో చెప్పును. “పిన్నిగారూ, రేపు నలుగు పెట్టుకుని ఇవాళ చేయించుకుంటే పిల్లకి మంట పుడుతుందండీ” అని చెప్పి బేరము వదలుకొనెడి అమ్మాయిని నేను గొప్ప వృత్తినిపుణురాలిగా గౌరవింతును.

వెలను గూర్చియు ఒక మాట. పుల్లలకు, చేతితొడుగులకు, కాగితమునకు, మంచి మైనమునకు ఖర్చు కలదు. వీథిలో అందఱికంటె తక్కువ వెలకు చేయు చోట ఆ తగ్గింపు ఎచటనుండి వచ్చుచున్నదో ఆలోచింపవలయును. చాలచోట్ల అది పనిచేయు పిల్ల జీతమునుండియు, పారవేయవలసిన పుల్లనుండియు వచ్చుచున్నది. దినమంతయు నిలువుకాళ్లపై నిలిచి, పదిమంది చెమటను రక్తపుబొట్టును తాకుచు పనిచేయు ఆ అమ్మాయికి హెపటైటిస్ బి టీకా వేయించినారా యని యజమానులను అడుగువారు అరుదు. శుభ్రత ఆమెకును రక్షణయే. పుల్ల మరల ముంచవద్దని మనము చెప్పునపుడు ఆమెను గద్దింపక, యజమానురాలికి వినబడునట్లు చెప్పుట ధర్మము. పుల్లలు లెక్కబెట్టి ఇచ్చునది సాధారణముగా ఆమె కాదు గదా.

మర్యాదకు సంబంధించినవియు కలవు. తలుపు గడియ పడవలయును. అవసరమైనంత మేరకే దేహమును తెఱచి తక్కిన భాగమును దుప్పటితో కప్పవలయును. ఆ గదిలో ఎవరి ఫోనును పైకెత్తబడరాదు. ఆపుమన్న క్షణమున చేయి ఆగవలయును. స్త్రీ చేయునా పురుషుడు చేయునా యని ముందే అడిగి తెలిసికొను హక్కు స్త్రీలకెంత కలదో, ఈమధ్య ఈ పని చేయించుకొనుచున్న పురుషులకును అంతే కలదు.

పని ముగిసిన ఆ దినమున వేడినీళ్ల స్నానము, ఎండ, ఈత, బిగుతుదుస్తులు, అత్తరులు మానుమని నేర్చినవారు తామే చెప్పుదురు. మంట ఒక దినములో తగ్గును. తగ్గక చర్మము వేడెక్కి వాచినను, చీము కారినను, జ్వరము వచ్చినను మైనపు విద్య అచటితో ముగిసినట్లే. పార్లరు వారి లేపనముల కొఱకు ఎదురుచూడక వైద్యునికి చూపవలయును.

ఇక కడపటి విషయము. నెలకొకసారి అదే చేయి అదే చర్మమును తాకుచుండును గనుక, ఇంటివారికంటె ముందు ఆ చేతికే తెలియు మార్పులు కొన్ని గలవు. గడ్డమున, ఱొమ్మున, బొడ్డు క్రింద ముతక రోమములు క్రొత్తగా దట్టమగుచు, ఋతుక్రమమును తప్పుచున్నచో, అది అండాశయములలో నీటితిత్తులు ఏర్పడు పీసీఓఎస్ అను స్థితి కావచ్చును, వినాళగ్రంథుల మఱియొక వికారమును కావచ్చును. ఆకస్మికముగా గొంతు బొంగురుపోవుటయు దీనికి తోడైనచో ఆలస్యము అసలే పనికిరాదు. ఇట్టి రోమములను వారమునకొకసారి తీయించుకొమ్మని ప్రోత్సహించి డబ్బు గడించువారు ఉన్నారు. యోగ్యురాలైన బ్యూటీషియను అట్టి పిల్లను ప్రక్కకు పిలిచి, ఇతరులకు వినబడకుండ, “అమ్మా, ఇది మైనంతో పోయేది కాదు, ఒకసారి లేడీ డాక్టరుకి చూపించుకో” అని చెప్పి పంపును.